కంచు పలకలు – కొయ్య స్తంభములు

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరమును ఈ వేదికపై నిలిచి పరీక్షా ఫలితములను, హాజరు లెక్కలను చదువుట నాకు వాడుక. ఈసారి ఆ పనిని కార్యదర్శిగారు తమ నివేదికలో పూర్తిచేసినారు గనుక నాకు కొంత వెసులుబాటు చిక్కినది. ఇటలీ దేశమందలి ఒక చిన్న పట్టణమును గూర్చి మాటలాడెదను. ఇటలీతో మనకేమి పని యని కొందరికి తోచవచ్చును. దీనికి కారకుడు మన ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు. తెలుగు పాఠము జరుగుచుండగా అతడు లేచి, "మాస్టరుగారూ, ఒక భాష మాట్లాడేవాళ్ళందరూ పోయిన తరువాత ఆ భాష ఎక్కడికి పోతుందండీ?" అని అడిగినాడు. తరగతి యంతయు నవ్వినది. నాకు నవ్వు రాలేదు, సమాధానమును రాలేదు. కూర్చుండుమని చెప్పి పాఠము సాగించితిని. అటుపిమ్మట పుస్తకములు తిరుగవేయుచుండగా ఈ పట్టణము కంటబడినది. దాని పేరు గుబ్బియో. నేను దానిని చూచినవాడను కాను. చదివినదియు, చిత్రములలో చూచినదియు మాత్రమే చెప్పుచున్నాను.

ఇటలీ నడుమ సముద్రతీరము లేని ప్రాంతమొకటి కలదు. దానిని ఉంబ్రియా అందురు. అచ్చట ఇంగినో అను కొండ పాదమున, మెట్లు మెట్లుగా వాలు నంటుకొని, బూడిదవన్నె రాతితో కట్టిన పట్టణమే గుబ్బియో. చుట్టుపట్ల పల్లెలతో కలిపి జనసంఖ్య సుమారు 30 వేలు. వీధులు ఇరుకైనవి, కొన్ని వీధులనుట కంటె మెట్లవరుసలనుట మేలు. పాత ఇండ్లకు పెద్ద వాకిలి ప్రక్కనే, నేలకు కొంత ఎత్తున, సన్నని తలుపొకటి కనబడును. ఇంటిలో ఎవరైనను మరణించినప్పుడు శవపేటికను ఆ దారినే వెలుపలికి తెచ్చెడివారని ఊరివారి మాట; అందుచే దానికి 'చనిపోయినవాని ద్వారము' అని పేరు వచ్చినది. పండితులు మాత్రము అది మేడమీదికి పోవు మెట్లదారియనియు, శత్రుభయము కలిగినప్పుడు మూసికొనుటకు అనువుగా నుండుటకై అట్లు ఎత్తున పెట్టిరనియు చెప్పుచున్నారు. పండితుల మాటయే నిజమై యుండును. కాని పేరు మాత్రము ఊరివారు పెట్టినదే నిలిచినది.

పట్టణమునకు నాలుగు పేటలు. పదునాలుగవ శతాబ్దిలో ఊరి పెద్దలు ఒక పాలకభవనమును కట్టదలచినప్పుడు అది ఏ పేటలో నుండవలెనను తగవు రాకుండ, నాలుగు పేటలును కలియు చోటనే కట్టవలెనని నిర్ణయించిరి. ఆ చోట చదునైన నేల లేదు, అంతయు వాలు. అందుచేత క్రింద పెద్ద పెద్ద కమానులు కట్టి, వానిపై ఒక మైదానమును నిలిపిరి. కొండప్రక్కను గాలిలో వ్రేలాడుచున్నట్లుండు ఆ మైదానమే 'పియాజ్జా గ్రాందే', అనగా పెద్ద చావడి. దానికొక ప్రక్క కాన్సులుల భవనము. 1332 మొదలు 1349 వరకు దాని నిర్మాణము సాగినది. కాన్సులులనగా నాటి నగరపాలకులు. ఎదుటి ప్రక్కను దానికి జోడుగా మరియొక భవనమును మొదలుపెట్టిరి గాని, 1348లో ఐరోపా ఖండమును ఊడ్చిన మహామారి గుబ్బియోను కూడ విడువలేదు. పని నడుమ ఆగినది. సగము కట్టిన ఆ గోడలనే తరువాత సరిచేసికొని నేడు పురపాలక కార్యాలయముగా వాడుకొనుచున్నారు. కాన్సులుల భవనపు గోపురమున 1769లో పోతపోసిన పెద్ద గంట యొకటి కలదు. దానిని త్రాడు పట్టి లాగరు. మ్రోగించువారు గోపురమెక్కి, చేతులతో ఆనుకొని, కాళ్ళతో గంటను త్రోసి ఊపుదురు. ఆ విద్య చేతి నుండి చేతికి కాదు, కాలి నుండి కాలికి వచ్చుచున్నదనవలెను.

ఆ భవనము నేడు ప్రదర్శనశాల. మన ఎనిమిదవ తరగతి పిల్లవానికి నేను బాకీపడిన సమాధానము అందులోనే ఉన్నది. ఒక గదిలో ఏడు కంచు పలకలు. అవి 1444లో దొరికినవి. 1456లో పురపాలకులు వానిని వాటి యజమాని వద్ద కొనిరి. కొన్ననాడు వానిలో ఏమి వ్రాసియున్నదో ఊరిలో ఒక్కరికిని తెలియదు. మన తాతలది, మనది అను నమ్మకము తప్ప మరే ఆధారమును లేకయే ఆ పట్టణము వానిని కొని దాచినది.

అది ఉంబ్రియను భాష. రోము మహానగరము పెరిగి అందరిని తనలో కలుపుకొనక మునుపు ఆ ప్రాంతపు ప్రజలు మాటలాడిన భాష. అప్పుడు ఈ ఊరి పేరు ఇకువియుం. పలకలు క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్ది మొదలు మొదటి శతాబ్ది వరకు చెక్కినవందురు. మొత్తము సుమారు 4,000 మాటలు. ఆ భాషలో నేటికి మిగిలిన పెద్ద గ్రంథమిదియే. తక్కినవి చిన్న చిన్న శాసనపు తునుకలు. ఏమి వ్రాసినారనగా, పన్నిద్దరు పురోహితుల సంఘమొకటి చేయవలసిన క్రతువుల విధి. ఊరికి శుద్ధి చేయునప్పుడు మొదట పక్షుల శకునము చూడవలెను; పిదప మూడు ద్వారముల ముందు ఏ దేవతకు ఏ పశువును అర్పింపవలెనో, ఏ మంత్రమును పలుకవలెనో, పలుకుటలో తప్పుదొర్లినచో ఎచ్చటినుండి మరల మొదలుపెట్టవలెనో అంతయు వివరముగా నున్నది. వైదిక కర్మలను గూర్చి కొంచెమైన తెలిసినవారికి ఇది క్రొత్తగా తోచదు.

నిజమునకు అట్లు తోచకుండుటకు కారణమున్నది. ఈ పలకలను శాస్త్రీయముగా చదివినవారిలో ముఖ్యుడు థియోడోర్ ఆఫ్రెక్ట్ అను జర్మను పండితుడు. కిర్చాఫ్ అను మరియొక పండితునితో కూడి 1849 – 1851 నడుమ ఉంబ్రియను శాసనములపై గొప్ప గ్రంథమును ప్రకటించినాడు. ఈ ఆఫ్రెక్టే తరువాత ఋగ్వేదమును రోమను లిపిలో అచ్చువేయించినాడు. సంస్కృత వ్రాతప్రతుల పట్టికలను ఒకచోట కూర్చి 'కేటలాగస్ కేటలాగోరం' అను మహాసూచిని తయారుచేసినాడు. పలకలలో మనుష్యులను, పశువులను కాపాడుమను ప్రార్థన గలదు. అందు మనుష్యులకు 'వెయిరో', పశువులకు 'పెక్వో' అను మాటలు వాడిరి. మన 'వీర', 'పశు' శబ్దములకు అవి దాయాదులు. రెండు కాళ్ళ ప్రాణులకు 'దుపుర్సుస్', నాలుగు కాళ్ళ ప్రాణులకు 'పెతుర్‌పుర్సుస్'. ద్విపాత్తు, చతుష్పాత్తు అని వేదములో విన్నవారికి చెవులు నిక్కబొడుచుకొనును. నీటికి వారి మాట 'ఉతుర్', ఉదకమునకు చుట్టము. తెలుగు వేరు కుటుంబపు భాషయే అయినను, ఈ సంస్కృత పదములు మన నాలుకపై ఆడుచునే యున్నవి గదా. వేల మైళ్ళ దూరమున ఒక గదిలో గోడకానుకొని యున్న కంచు రేకు మన వంటింటి మాటను పలుకుట చిత్రము కాదా?

ఇచ్చట రెండు సంగతులు నన్ను ఆపివేసినవి.

మొదటిది: ఆ క్రతువులో పరాయివారిని ఊరి పొలిమేర దాటి పొమ్మను ప్రకటన యొకటి కలదు. పొరుగున నున్న తాదినుం వారు, ఎత్రుస్కనులు, మరి రెండు జాతులవారు పేరు పేరున చెప్పబడినారు. పొరుగుభాషవారి నడుమ తరతరములుగా కాపురముండి, వారి ఆదరణతో బడి నడుపుకొనుచున్న మనవంటివారికి ఆ భాగము చదువునప్పుడు కొంచెము ఉలికిపాటు కలుగును. తరువాతి కథ మరింత వింత. పొమ్మనినవారి భాషయు పోయినది. పొమ్మనిపించుకొనిన ఎత్రుస్కనుల భాషయు పోయినది. ఇద్దరి స్థానమునను లాటిను వచ్చి కూర్చున్నది.

రెండవది: ఏడు పలకలలో పాతవి ఉంబ్రియనుల సొంత లిపిలో, కుడినుండి ఎడమకు వ్రాసియున్నవి. కడపటివి లాటిను అక్షరములలో, ఎడమనుండి కుడికి. భాష మాత్రము ఉంబ్రియనే. అనగా మొదట లిపి మారినది, పిదప భాష మారినది. ఎవరును ఒక దినమున కూర్చుండి "రేపటినుండి మన భాష వద్దు" అని తీర్మానించి యుండరు. అధికారమునకు లాటిను, సైన్యమునకు లాటిను, పెద్ద వర్తకమునకు లాటిను అయి, ఇంటికి మాత్రము పాతభాష మిగిలి, ఏదో ఒక తరమున ఇంటను మిగలక పోయి యుండవలెను. మన పిల్లలు నేడు సెల్‌ఫోనులో తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతో వ్రాసికొనుచున్నారు. నేను వారిని తిట్టుట లేదు. నా మనుమరాలు నాకును అట్లే వ్రాయును, నేనును అట్లే జవాబిచ్చి యున్నాను. కాని ఆరవ పలకను, ఏడవ పలకను చిత్రములో చూచిన నాటినుండి ఆ జవాబులను తెలుగక్షరములలో వ్రాయుచున్నాను. కొంచెము ఆలస్యమగుచున్నది, అంతే.

మన సంఘ సభ్యుల ఇండ్లలో పాత పెట్టెల అడుగున తాతముత్తాతల తెలుగు దస్తావేజులు, చిట్టా ఆవర్జాలు, పెండ్లి పత్రికలు నేటికిని ఉన్నవని నేనెరుగుదును. ఒక ఇంట వానిని తూకమునకు అమ్మబోవుచుండగా నేనే అడ్డుపడితిని. "మాకు చదువ రాదు గదండీ, ఉంచుకొని ఏమి చేయుదుము?" అని ఆ యింటి యజమాని అడిగినారు. 1456లో గుబ్బియో పాలకులకును చదువ రాదు. ఆ మాట అప్పుడు నాకు తోచలేదు. అందుచే ఇప్పుడు చెప్పుచున్నాను.

ఇక రాజభవనము. మైదానమునుండి ఇంకను పైకి ఎక్కినచో ప్రధానమైన చర్చి వచ్చును. పదిరాతి కమానులు వరుసగా వంగి పైకప్పును మోయుచుండును. చూచుటకు బోర్లించిన ఓడవలె నుండునందురు. దాని కెదురుగా ఉర్బీనో ప్రభువు ఫెదెరీగో ద మొంతెఫెల్త్రో కట్టించిన మేడ. అతడు 1422లో గుబ్బియోలోనే పుట్టినాడు. కిరాయి సైన్యములను నడిపి ధనము గడించిన యోధుడు. అయినను పుస్తకములన్న ప్రాణము. ఈ మేడలో అతడు చిన్న చదువుగది యొకటి చేయించుకొనెను. రంగురంగుల కొయ్యముక్కలను పొదిగి, గోడలపై అరలు, అరలలో పుస్తకములు, వాద్యములు, గడియారము ఉన్నట్లు భ్రమ కల్పించిరి. తలుపు తెరిచియున్నట్లు కనబడును. తాకినచో చదునైన పలక. ఆ గది నేడు గుబ్బియోలో లేదు. పందొమ్మిదవ శతాబ్దిలో అమ్ముడుపోయి ఊరు విడిచినది. 1939లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల కొన్నది. ఆ కొయ్యపనికి నమూనా యొకటి చేయించి పాతచోట నిలుపుకొన్నారు. ప్రభువు గది సముద్రము దాటిపోయినది; పురోహితుల పలకలు ఊరిలోనే ఉన్నవి. కొన్నవారు ప్రజలైనందుననేమో!

దిగువ పట్టణమున పునీత ఫ్రాన్సిస్ పేర చర్చి కలదు. తండ్రి ఇంటిని, ధనమును విడిచి అస్సీసీనుండి బయలుదేరిన ఫ్రాన్సిస్‌కు స్పదలోంగా అను గుబ్బియో కుటుంబమువారు కట్టుబట్ట నిచ్చిరనియు, వారి ఇల్లున్న చోటనే ఆ చర్చి వెలసినదనియు చెప్పుదురు. అందు ఒత్తావియానో నెల్లి అను ఆ ఊరి చిత్రకారుడే మేరీమాత జీవితమును గోడలపై చిత్రించినాడు. ఫ్రాన్సిస్ గుబ్బియో ప్రజలను పీడించు తోడేలును శాంతింపజేసి, ప్రతిదినము ఊరివారు దానికి తిండి పెట్టునట్లును, అది ఎవరిని కరవకుండునట్లును ఒడంబడిక చేయించిన కథ మన పిల్లలకు తెలిసినదే. తోడేలు తన పాదమును ఆయన చేతిలో పెట్టి ప్రమాణము చేసినదట. దాని పేరనే శాంతి చర్చి అని మరియొక చిన్న చర్చి వెలసినది. అది తాపీపనివారిది. 1872లో అచ్చట ఒక రాతిపలక క్రింద తోడేలు ఎముకలు దొరికినవని ఊరివారు చెప్పుకొందురు.

ఊరిబయట మరియొక స్మారకము కలదు. 1944 జూన్ 22వ తేదీన జర్మను సైనికులు ప్రతీకారముగా 40 మంది పౌరులను కాల్చి చంపిరి. వారి సమాధులు ఒక్కచోటనే ఉన్నవి. పండుగలను గూర్చి చెప్పబోవుచు ఈ మాట యెందుకనగా, ఆ ఊరు దుఃఖమెరుగని బొమ్మలకొలువు కాదని మీరు తెలిసికొనవలెనని.

తాపీపనివారి చర్చి అంటిని గదా. అందు ఏడాది పొడవునను మూడు చిన్న విగ్రహములుండును: పునీత ఉబాల్దో, పునీత జోర్జో, పునీత ఆంతోనియో. మే 15వ తేదీన ఆ విగ్రహములు బయటికి వచ్చును.

ఉబాల్దో గుబ్బియోకు బిషప్పు. 1160 మే 16వ తేదీన మరణించినాడు. ఆయనను గూర్చి ఒక కథ చెప్పుదురు. కోటగోడ కట్టువారు తన ద్రాక్షతోటను పాడుచేయుచున్నారని ఆయన నెమ్మదిగా మందలింపగా, కోపించిన మేస్త్రి ఆయనను తడి సున్నములోనికి త్రోసినాడట. ఉబాల్దో మాటాడక లేచి ఇంటికి పోయినాడు. ప్రజలు మేస్త్రిని శిక్షింప పట్టుకొనిరాగా, శిక్ష తాను విధింతునని చెప్పి, వానిని ముద్దుపెట్టుకొని విడిచిపెట్టినాడు. నాటినుండి తాపీపనివారు ఆయనను తమవానిగా చేసికొన్నారు. 1194లో ఆయన భౌతికకాయమును కొండపైకి చేర్చిరి. నేటికిని కొండమీది బసిలికాలో గాజుపేటికలో నున్నది.

ఆయన తిథికి ముందునాడు జరుగునది 'చేరో'ల పరుగు. చేరో అనగా కొవ్వొత్తి. వాస్తవమునకు అవి మూడు కొయ్య స్తంభములు. ఒక్కొక్కటి రెండు ఎనిమిది పలకల పెట్టెలను ఒకదానిపై నొకటి నిలిపినట్లుండును, శిఖరమున విగ్రహము. ఒక్కొక్కదాని ఎత్తు నాలుగు మీటర్లకు పైగా, బరువు సుమారు 280 కిలోలు. ఉబాల్దో స్తంభము తాపీపనివారిది, పసుపు చొక్కాలు. జోర్జోది వర్తకులది, నీలపు చొక్కాలు. ఆంతోనియోది రైతులది, విద్యార్థులది, నల్ల చొక్కాలు. అందరికిని తెల్ల లాగులు, ఎర్రని నడికట్టు. మధ్యాహ్నము పన్నెండు గంటలకు పియాజ్జా గ్రాందేలో కాళ్ళతో త్రోయు ఆ పెద్ద గంట మ్రోగుచుండగా, ప్రతి స్తంభమునకు నాయకుడు దానిపై కెక్కి, చిత్రించిన మట్టికూజాతో నీరు పోసి, కూజాను జనముమీదికి విసరివేయును. మరుక్షణమున స్తంభము నిటారుగా లేచును. పగిలిన కూజా పెంకుల కొరకు జనము త్రొక్కిసలాడుదురు. పెంకు దొరికినచో ఇంటికి శుభమట.

సాయంకాలము ఆరు గంటల వేళ బిషప్పు ఆశీర్వాదమైన పిమ్మట పరుగు మొదలగును. మన రథమును త్రాళ్ళు పట్టి మెల్లగా లాగుదుము. అచ్చట స్తంభమును భుజములపై మోయుచు, ఇరుకు వీధులలో, మలుపులలో, పిదప కొండదారిలో పరుగెత్తుదురు. దూరము నాలుగు కిలోమీటర్లకు పైమాటే. చివరి ఎగుడు మాత్రమే సుమారు 300 మీటర్లు. ఒక జట్టు కొంచెము దూరమే మోయగలదు. పరుగు ఆగకుండగనే క్రొత్త భుజము క్రిందికి దూరును, అలసిన భుజము తప్పుకొనును. దీనిని వారు ఏడాది పొడవునను లెక్కవేసికొందురు: ఏ మలుపులో ఎవరు, ఎవరి వెనుక ఎవరు.

వింతయేమనగా ఈ పరుగులో ఎవరును ఎవరిని దాటరాదు. ఉబాల్దో ఎప్పుడును మొదటివాడు, జోర్జో రెండవవాడు, ఆంతోనియో మూడవవాడు. ఫలితము ముందే తెలిసిన పందెమేమి పందెమని మన క్రీడోపాధ్యాయులు నన్నడిగినారు. పడిపోకుండుట, ఒరగకుండుట, ఎడము రానీయకుండుట, అదియే పందెము. కొండపైన మాత్రము ఒక చమత్కారమున్నది. ఉబాల్దోవారు లోపలికి పోగానే వెనుకవారు రాకుండ బసిలికా తలుపు మూసివేయ జూతురు. జోర్జోవారు అంతలో దూరవలెను. ఆ తలుపును గూర్చిన వాదములు మరుసటి మే నెల వరకు కాఫీ హోటళ్ళలో సాగును. స్తంభములు కొండపైననే ఉండిపోవును. చీకటి పడిన పిదప విగ్రహములను మాత్రము దీపములతో, పాటలతో క్రిందికి తెచ్చుకొందురు.

ఈ ఆచారమునకు మూలము కంచు పలకలలోని క్రతువులేయని కొందరు వాదింతురు. మధ్యయుగమున వృత్తిసంఘములవారు పునీతునికి సమర్పించిన మైనపు వత్తులే కాలక్రమమున కొయ్యవైనవని మరికొందరు. నాకు రెండవదే సమంజసముగా తోచుచున్నది; పేరే సాక్ష్యము చెప్పుచున్నది. మొదటిది నిజమైతే బాగుండునని మాత్రము మనసులో ఉన్నది.

గుబ్బియోనుండి కొందరు బొగ్గుగనులలో కూలికై అమెరికాలోని పెన్సిల్వేనియాకు పోయి జెస్సప్ అను చిన్న ఊరిలో స్థిరపడిరి. అచ్చట వారును మూడు స్తంభములు చేసికొని మే నెలలో వీధులలో పరుగెత్తిరి. నడుమ కొన్నేండ్లు ఆగినది, మరల మొదలైనది. నేడు మోయు కుర్రవారు మాటలాడునది ఇంగ్లీషు. స్తంభము నిలిచినది, భాష నిలువలేదు. దీనిని చూచి సంతోషింపవలెనో విచారింపవలెనో నేను ఇంకను తేల్చుకొనలేదు. మీ యిండ్లలో తెలుగు పండుగలను తలచుకొని మీరే ఆలోచింపుడు.

2020లోను 2021లోను కొవిడ్ వ్యాధి కారణమున గుబ్బియోలో పరుగు జరుగలేదు. 2022లో భుజములు మరల క్రిందికి దూరినవి.

ఆ పిల్లవాడు ముందు వరుసలోనే కూర్చున్నాడు. అబ్బాయీ, ఒక సంగతి నీకై దాచి ఉంచితిని. జూన్ 2వ తేదీన ఆ ఊరిలో చిన్న చేరోల పరుగు జరుగును. పెద్దవానికి అచ్చమైన నమూనాలు, బరువు తక్కువ. మోయువారు నీ యీడువారు, నీకంటె చిన్నవారు. అవే రంగుల చొక్కాలు, అదే నడికట్టు, అదే వరుస, మొదట ఉబాల్దో, పిదప జోర్జో, పిదప ఆంతోనియో. వారికిని నాయకులుందురు, వారికిని మలుపులుండును. పెద్దలు గోడల కానుకొని నిలిచి చూచుచుందురు, చేయి వేయరు.